క్రియాశీలకంగా పాల్గొన్నవాణ్ణి

నాకు సర్టిఫికెట్ల పిచ్చి ఉంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పక ముందే అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఆ అవసరం రాలేదు. మీకూ ఇలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. రోజుకి ఎన్ని అడుగులు నడిచారో ఫోన్లో చూసుకుని, నాలుగు తక్కువయ్యాయని రాత్రి పదకొండింటికి హాల్లో ఫ్యాను కింద అటూ ఇటూ తిరిగే రకం మీరైతే, నన్ను క్షమించడం మీకు పెద్ద కష్టం కాదు.

నేనొక లైబ్రేరియన్‌ని. కృష్ణా కాలువల పక్కన ఒక ఊళ్ళో, ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో. మా సీనియర్ల కాలంలో ప్రమోషన్ కావాలంటే రిఫ్రెషర్ కోర్సుకి యూనివర్సిటీ ఉన్న ఊరికి వెళ్ళి మూడేసి వారాలు హాస్టల్ గదుల్లో దోమలకి రక్తదానం చేసి రావాల్సి వచ్చేది. వెళ్ళినవాళ్ళు కాస్త సన్నబడి, బోలెడు మంది స్నేహితులతో తిరిగొచ్చేవారు. ఏం నేర్చుకున్నారో తెలియదుగానీ ఆ స్నేహాలు మాత్రం రిటైరయ్యేదాకా ఉండేవి. ఏదైనా చిక్కొస్తే ఫోన్ చేసి, 'ఒరే, ఇదెట్లా చెయ్యాలిరా' అని అడగడానికి మనిషి ఉండేవాడు.

నా అదృష్టం కొద్దీ, లేదా దురదృష్టం కొద్దీ, అది మారిపోయింది. 2017 జులైలో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం పోర్టల్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అధ్యాపకుల కోసం అర్పిత్ అని ఇంకోటి వచ్చింది. 40 గంటల కోర్సు. అందులో 20 గంటలు వీడియో పాఠాలు, తక్కిన 20 గంటలు చదువుకోవాల్సిన పాఠాలు, చివర ఒక పరీక్ష. పాసైతే ప్రమోషన్ లెక్కల్లో ఒక రిఫ్రెషర్ కింద జమ. లుంగీ మార్చకుండా రిఫ్రెషర్!

రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. నేను దాన్ని కొద్దిగా సవరించి, నా సమయం ఆదా చేసుకోవడం మొదలుపెట్టాను. వీడియో వేగం రెండింతలు చేసేవాణ్ణి. అప్పుడు ప్రొఫెసర్ గారు ఎవరో తరుముకొస్తున్నట్టు మెటాడేటా గురించి గడగడా చెప్పుకుపోయేవారు. ఇటుపక్క నేను పేపరు చదువుకుంటూ, అప్పుడప్పుడు తలూపేవాణ్ణి. ఆయన నన్ను చూడటం లేదని తెలుసు. అయినా మర్యాద ఒకటుంటుంది కదా.

ఆ కోర్సు ఎలాగో గట్టెక్కింది. పరీక్ష మాత్రం సెంటరుకెళ్ళి, ఎదురుగా మనిషి కాపలా ఉండగా రాయాల్సి వచ్చింది. అది నాకు నచ్చలేదు. ఆన్‌లైన్ చదువుకి ఆఫ్‌లైన్ పరీక్షేమిటి, అన్యాయం కాకపోతే!

నా కష్టం దేవుడు విన్నాడు. 2020 వచ్చింది.

లాక్‌డౌన్‌లో జనం ఒక్కొక్కరు ఒక్కోటి పట్టుకున్నారు. కొందరు రొట్టె కాల్చడం, కొందరు యోగా. నేను వెబినార్లు పట్టాను. దేశంలో ఉన్న కాలేజీలన్నీ ఒకేసారి మేల్కొని, 'కోవిడ్ కాలంలో గ్రంథాలయాల పాత్ర' అని పోస్టర్లు వేసి పంపేవి. పోస్టరు నిండా గుండ్రటి ఫొటోలు, అడుగున అసలు మాట: రిజిస్ట్రేషన్ ఉచితం, ఈ-సర్టిఫికెట్ ఇవ్వబడును. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఉపన్యాసం గంటన్నర ఉంటుంది. కానీ ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు చాట్‌లో పడేది చివరి పది నిమిషాల్లోనే. ఆ లింకు నొక్కి, నాలుగు ప్రశ్నలకి టిక్కులు పెట్టి, పేరు కొడితే సాయంత్రానికి మెయిల్లో సర్టిఫికెట్టు, 'క్రియాశీలకంగా పాల్గొన్నారు' అని ముత్యాల్లాంటి ఇంగ్లీషులో. ముందు గంటా ఇరవై నిమిషాలు నేను క్రియాశీలకంగా గెడ్డం గీసుకున్నానా, వంకాయలు తరిగానా అన్నది ఎవరికీ పట్టదు.

కొన్నాళ్ళకి ఒకటి సరిపోలేదు. ఫోన్లో ఒక వెబినారు, లాప్‌టాప్‌లో ఇంకోటి. ఒకాయన కాపీరైట్ గురించి, ఇంకొకాయన క్లౌడ్ గురించి, నా మధ్యగదిలో ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నట్టుండేది. ఆ హడావుడిలో ఒకసారి పేరు రాయాల్సిన గడిలో అభిప్రాయం రాసేశాను. సాయంత్రం వచ్చిన సర్టిఫికెట్‌లో, 'వెరీ ఇన్ఫర్మేటివ్ సెషన్ సర్' అనే ఆయన ఈ జాతీయ స్థాయి సదస్సులో క్రియాశీలకంగా పాల్గొన్నారని సంతకంతో సహా ధ్రువీకరించారు. దాన్ని కూడా పారెయ్యలేదు. ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. లెక్క లెక్కే.

ఫైలు లావెక్కింది. ఒకటి రెండైంది. ప్రతి సర్టిఫికెట్టూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, ఎవరెవరు చూశారో గంటగంటకీ చూసుకునేవాణ్ణి. మా ఆవిడ ఓ రోజు బీరువా సర్దుతూ, "ఏవండీ, రంగు కాయితం కూడా పాతపేపర్ల వాడు కిలో లెక్కనే తీసుకుంటాడా?" అని అడిగింది. నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడకి ఆ సంగతి తెలిసిందో లేదో కూడా తెలియదు.

నవ్వకండి. కొంచెం నా వైపు నుంచి కూడా చూడండి. కాలేజీలో లైబ్రేరియన్‌ని చూసి, 'మీకేం సార్, హాయి. పుస్తకాలివ్వడం, తీసుకోవడం' అననివాడు లేడు. గూగుల్ వచ్చాక ఆ మాట కూడా అనడం మానేసి, జాలిగా చూడటం మొదలెట్టారు. అలాంటప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని ప్రిన్సిపాల్ సంతకం పెట్టి, నేను ఫలానా విషయంలో పాల్గొన్నానని రాసిస్తే, ఆ కాస్త బంగారు అంచు కాయితం గుండెకి ఎంత ధైర్యమో! ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఉపన్యాసాలు చెప్పినవాళ్ళు చాలామంది నిజంగా పని తెలిసినవాళ్ళు. శ్రద్ధగానే చెప్పారు. విననిది నేను.

ఇంతలో కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ బృందం మా కాలేజీకి వస్తోందన్నారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి, "లైబ్రరీ ఆటోమేషన్ సంగతేమిటండీ?" అన్నారు. రెండు ఫైళ్ళ బరువు నా చేత మాట్లాడించింది.

"కోహా పెట్టేద్దాం సార్. ఉచితం. నాకు కరతలామలకం."

అంతటితో ఆగానా? కోహా పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాను. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ సంస్థ సార్, 2000 సంవత్సరం వస్తే వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ పనికిరాదని తేలి, 1999లో కొత్తది రాయించుకున్నారు, 2000 జనవరి మొదటివారానికల్లా నడిపించేశారు, ఊరికే ప్రపంచానికి ఇచ్చేశారు. ఆ పైన కేటలాగులో వివరాలకి వాడే మార్క్ నంబర్లు వల్లించాను. 245 అంటే పుస్తకం పేరు, 100 అంటే రచయిత, 952 అంటే కోహాలో మన కాపీ వివరాలు. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కొంచెం ముందుకి జరిగారు. మూడు నంబర్లకే ఒక మనిషి ముందుకి జరగడం నా సర్వీసులో అదే మొదలు.

కోహా ఎక్కించింది నేను కాదు. మా కంప్యూటర్ సైన్సు మాస్టారు ఒక ఆదివారం వచ్చి, ఉబుంటు వేసి, దాని మీద కోహా పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళారు. ప్రారంభోత్సవం ఉపన్యాసంలో ఆయన పేరు చెప్పడం మర్చిపోయాను. అంటే, మర్చిపోలేదు.

పుస్తకాల జాబితా ఎక్సెల్ షీటులో తయారుగా ఉంది. కొన్నేళ్ళ క్రితం యాక్సెషన్ రిజిస్టరు మొత్తం బయట డీటీపీ షాపులో టైపు చేయించాం. దాన్ని మార్క్‌ఎడిట్‌లో వేసి, మార్క్ ఫైలు చేసి, కోహాలోకి దింపాలి. సరిగ్గా దిగిందో లేదో చూసుకోవడానికి మధ్యలో ఒక మజిలీ ఉంటుంది. అక్కడ రికార్డులు పరిశీలించుకుని, బాగుంటేనే అసలు కేటలాగులోకి పంపాలి. పరిశీలించాను. మొదటి పేజీ అంతా కామర్స్ పుస్తకాలు, ఇంగ్లీషులో, నిక్షేపంగా ఉన్నాయి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు చాలు కదా అనుకుని రెండో పేజీ తిప్పకుండా మీట నొక్కేశాను.

ఇక ప్రారంభోత్సవం. ఇన్విటేషన్లు వేయించాను. ప్రొజెక్టరు, పూలబొకే, రిబ్బను. స్థానిక విలేకరి కూడా వచ్చాడు. మైకు నా చేతికొచ్చింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఎలా పుట్టిందో చెప్పాను. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు ఎలా తిరిగాయో చెప్పాను. చెప్పి, గొంతు సవరించుకుని, ఈ మాట అన్నాను. అక్షరం మార్చకుండా రాస్తున్నాను, మీరు నన్ను పూర్తిగా తెలుసుకోవాలి: "ఆనాడు వారు పుస్తకాన్ని నీటి మీద నడిపించారు. ఈనాడు నేను మేఘాల మీద నడిపిస్తున్నాను."

మా కోహా మేఘాల మీద లేదు. బీరువా పక్కన బల్ల మీదుంది.

చప్పట్లు కొట్టారు. మా తెలుగు మేడం ముచ్చటపడి, "నేను వెతుకుతానండీ మొదటి పుస్తకం" అని లేచి, కీబోర్డు ముందు కూర్చుని, వేయిపడగలు అని కొట్టారు, కొడితే ఫలితాలు లేవంది, నేను నవ్వి, "స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి మేడం" అన్నాను, తెలుగు మేడంని, వంద మంది ముందు, మైకులో, ఆవిడ నా వంక ఒక చూపు చూసి మధ్యలో జాగా ఇచ్చి మళ్ళీ కొట్టారు, లేదు, కన్యాశుల్కం కొట్టారు, లేదు, మహాప్రస్థానం లేదు, వెనకనుంచి ఎవరో "అసలు మన లైబ్రరీలో తెలుగు పుస్తకాలున్నాయా?" అన్నారు, నాకు రోషం వచ్చింది, మౌసు లాక్కుని యాక్సెషన్ నంబరుతో వెతికాను, దొరికింది, "ఇదిగో!" అని గర్వంగా ప్రొజెక్టరు వైపు చెయ్యి చూపించాను, అక్కడ గోడంత మేర పౌండు గుర్తు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఎ, రెండు చుక్కల ఓ, ఒక విరిగిన బ్రాకెట్టు, మళ్ళీ పౌండు గుర్తు. విశ్వనాథ సత్యనారాయణ గారి పేరు అంతకంటే ఘోరంగా ఉంది. ఆయన చూసుంటే ఏమనేవారో ఊహించే ధైర్యం లేదు.

"ఇదేం భాషండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, మెల్లగా.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు వింటేగా!

"మార్క్ ఫార్మాట్ సార్. జీబ్రా ఇంకా ఇండెక్సింగ్ చేస్తోంది. రాత్రికి తెలుగైపోతుంది."

"జీబ్రానా?"

కోహాలో వెతుకులాటకి వాడే ఇంజన్ పేరు నిజంగానే జీబ్రా. నా అబద్ధంలో ఉన్న ఒకే ఒక్క నిజం అది. దానికే హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లో సెకండియర్ అమ్మాయి ఒకతి చెయ్యెత్తి, "సార్, అది అనూ ఫాంటు సార్. ఆ షీటు టైపు చేసింది మా నాన్నే" అంది.

విలేకరి రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, అన్నం సయించక, ఫైళ్ళు ముందేసుకున్నాను. నాకు ధైర్యం కావలసి వచ్చినప్పుడల్లా చేసే పనే అది. తిరగేస్తుంటే ఒక దగ్గర చెయ్యి ఆగిపోయింది. నీలం అంచు, మూడు సంతకాలు. గ్రంథాలయ ఆటోమేషన్‌లో భారతీయ భాషల సమాచారాన్ని యూనికోడ్‌లోకి మార్చడం గురించిన కార్యశాల అట. నేను క్రియాశీలకంగా పాల్గొన్నాను. క్విజ్‌లో నూటికి నూరు. ఒక ప్రశ్న లీలగా గుర్తొచ్చింది కూడా: పాత ఫాంట్లలో టైపు చేసిన సమాచారాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చకుండా దిగుమతి చేయరాదు, అవునా కాదా? అవును అని పెట్టాను. ఎవరో పుణ్యాత్ముడు చాట్‌లో జవాబులన్నీ పెడితే చూసి కొట్టాను.

మర్నాడు డీటీపీ షాపుకి వెళ్ళాను. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న పెళ్ళి కార్డు కంపోజ్ చేస్తున్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. జరిగిందంతా కూతురు చెప్పేసుంటుంది, అయినా మొహంలో నవ్వు కనపడనివ్వలేదు. అంత సంస్కారం.

"ఇటు చూడండి సార్" అని మా షీటు తెరిచి, తెలుగు ఉన్న గడి మీద నొక్కి, ఫాంటు ఏరియల్‌కి మార్చాడు. పౌండు గుర్తులు, టోపీలు ప్రత్యక్షం. మళ్ళీ అనూకి మార్చాడు. కన్యాశుల్కం.

"లోపలున్నవి ఎప్పుడూ ఇంగ్లీషు గుర్తులే సార్. వాటికి తెలుగు బొమ్మలు తగిలిస్తుంది ఫాంటు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కాయితం మీద అచ్చేసుకున్నంత సేపూ ఇబ్బందే లేదు. వేరే చోటికి పంపితే బొమ్మలు మా దగ్గరే ఉండిపోతాయి. యూనికోడ్ అయితే అక్షరానికే నంబరుంటుంది, ఎక్కడికెళ్ళినా తెలుగు తెలుగే."

యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. ఆ ముక్క నాకూ తెలుసు, సంవత్సరంతో సహా. తెలిసిన ముక్కకీ మా షీటుకీ సంబంధం ఉందని మాత్రం పెళ్ళి కార్డులు వేసే మనిషి చెబితేగానీ తట్టలేదు. ఆయనకెవరు నేర్పారని అడిగాను. వెబ్‌సైట్ల వాళ్ళు మేటరు యూనికోడ్‌లోనే ఇమ్మని తిప్పి పంపడం మొదలెట్టాక, గతిలేక నేర్చుకున్నాడట.

ఆయన దగ్గరున్న కన్వర్టరులో మా షీటు వేశాం. చాలావరకు తెలుగైంది. అసలు పని అక్కణ్ణుంచి మొదలైంది. ఒత్తులు కొన్ని పక్క అక్షరం మీద వాలాయి. తెలుగు మధ్యలో ఇంగ్లీషులో ఉన్న ఇనీషియల్స్‌ని కూడా కన్వర్టరు తెలుగనుకుని మార్చేసి, పేరున్న రచయితలకి కొత్త ఇంటిపేర్లు పెట్టింది. రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కో వరసా దిద్దాల్సి వచ్చింది. దిద్దుతుంటే ఇంకో చిక్కు. ఒకచోట శ్రీశ్రీ అని ఉంటుంది, ఇంకోచోట శ్రీరంగం శ్రీనివాసరావు. ఒకచోట ఆరుద్ర, ఇంకోచోట భాగవతుల సదాశివశంకర శాస్త్రి. రెండు పేర్లూ ఒకరివేనని మనకి తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. దానికి అథారిటీ రికార్డు కట్టి, ఏ పేరుతో వెతికినా ఒకే మనిషి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఎలా కట్టాలో నాకు తెలియదు. సర్టిఫికెట్ అయితే ఉంది.

అప్పుడు మళ్ళీ ఆ అర్పిత్ వీడియోలు తెరిచాను. ఈసారి నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని, మామూలు వేగంలో. పేపరు తెచ్చి ముందు పెట్టొద్దని మా ఆవిడకి చెప్పాను. ఆ ప్రొఫెసర్ గారు ఎంత నెమ్మదస్తుడో, మధ్యమధ్య ఎంత చక్కగా హాస్యమాడతాడో అప్పుడు తెలిసింది. రెండింతల వేగంలో ఆయన నాకు ఎప్పుడూ కంగారు మనిషిలాగే కనిపించాడు. ఆపి, కోహాలో చేసి చూసి, తప్పుపోతే వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఒక పాఠం అయ్యేసరికి వారం పట్టేది. ఇందులో ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వరు. కోర్సు ఎప్పుడో పాసైపోయాను కదా!

నాక్ వాళ్ళు వచ్చేనాటికి తెలుగు పుస్తకాల్లో సగం దాకా సరిగ్గా వెతికితే దొరికాయి. తక్కిన సగం గురించి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. తెలుగు మేడంకి వేయిపడగలు దొరికిన రోజున ఆవిడ నా దగ్గరికొచ్చి, "స్పెల్లింగ్ సరిచూసుకున్నారన్నమాట" అని వెళ్ళిపోయారు. అది న్యాయమే.

డీటీపీ ఆయన చేసిన పనికి డబ్బు తీసుకోలేదు. "పిల్ల చదువుకునే కాలేజీ సార్, వద్దు" అన్నాడు. నేను బలవంతపెడితే కాసేపు మొహమాటపడి, మౌసు తిప్పుతూ, నా వంక చూడకుండా అన్నాడు:

"మీరు ఏమీ అనుకోనంటే సార్... మన కాలేజీ పేరు మీద ఏదైనా సర్టిఫికెట్టు లాంటిది ఇప్పిస్తే... ఇక్కడ గోడకి పెట్టుకుంటాను."

నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాను. మేటరు నేను రాశాను, డిజైను ఆయనే వేసుకున్నాడు, అనూలోనే. చుట్టూ బంగారు అంచు, నాలుగు మూలలా లతలు, మధ్యలో కాలేజీ ముద్ర. 'క్రియాశీలకంగా' అన్న మాటకి ఎర్రరంగు వేద్దామా అని అడిగితే వేద్దామన్నాను. సంతకాలయ్యాక రెండు కాపీలు తీశాడు. ఒకటి షాపుకి, ఒకటి అత్తగారింటికి. పనిలో పనిగా నా దగ్గరున్న ఆ నీలం అంచు సర్టిఫికెట్టుని కూడా లామినేట్ చేయమన్నాను. దానికి మాత్రం ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు.